గోతి దగ్గర ఆయిల్ ఇంజన్

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. నేను మందు ముట్టనని మీకు తెలుసు. ఇది నాకు జరిగింది... బైబిల్ మీద చెయ్యి పెట్టి చెబుతా.

డెబ్భై ఆరో, డెబ్భై ఏడో. కంకిపాడు దగ్గర మా ఊళ్ళో మా మేనమామ పోయాడు. వయసులో ఉండగా నేవీ, ఓడల్లో ఇంజన్ రూమ్. తర్వాత కాలవల మీద ఇంజనీరు, బెజవాడలో రిటైరయ్యాడు. మొండి మనిషి. భయమంటూ ఉంటే ఒక్కటే... చచ్చాక నీళ్ళలో ఉండడం. తోటివాళ్ళ శవాల్ని సముద్రంలోకి వదలడం చూశాడట. "నన్ను మాత్రం పొడిమట్టిలో పెట్టరా" అని నా చేత ఒట్టేయించుకున్నాడు.

ఆయన పోయింది వానాకాలంలో. మా నేలలో నడుంలోతు తవ్వితే నీళ్ళూరతాయి. సమాధుల తోటలో గొయ్యి తీశాం. పొద్దున్నే ఖననం. అందుకని పొలంలోని పెద్ద ఆయిల్ ఇంజన్ బండి మీద తెచ్చి, పైపు గోతిలో వేసి రాత్రంతా తోడాలి. నేను, మా పిన్ని కొడుకు సుందరం. వాడు అన్నం తినొస్తానని వెళ్ళాడు. లాంతరు, నేను, ఇంజన్. టప్... టప్... టప్...

ఆగిపోయింది.

గోతిలో నీళ్ళూరే చప్పుడు... ఎవరో గుటకలు వేస్తున్నట్టు. ఆ ఇంజన్ ఒక్కడి వల్ల కాదు. ఒకరు రెండు చేతులా హ్యాండిల్ తిప్పాలి, ఊపందుకోగానే ఇంకొకరు టక్కున లివర్ వెయ్యాలి. అయినా తిప్పాను. చేతులు బొబ్బలెక్కాయి. ఒట్టు తప్పుతుందని ఏడుపొచ్చింది. సుందరం కోసం పరిగెత్తాను.

రోడ్డెక్కనే లేదు... వెనక హ్యాండిల్ తిరుగుతోంది. కిర్రు... కిర్రు... మెల్లగా. తర్వాత జోరుగా.

టక్.

టప్... టప్... టప్...

 ఎదురుగా సుందరం, చేతిలో టార్చి.

"ఇంజన్ దగ్గర ఎవర్రా?" అన్నాడు.

"ఎవరూ లేరు."

 ఇద్దరం చేతులు పట్టుకుని వెళ్ళాం. మనిషి లేడు. హ్యాండిల్ తీసి గోనెపట్టా మీద పెట్టి ఉంది. బురదలో మా అడుగులు తప్ప కొత్తవేం లేవు. తెల్లారేదాకా ఇంజన్ ఆగలేదు. మామయ్యని పొడిమట్టిలోనే పెట్టాం.

అత్తయ్యకి చెబితే కళ్ళు తుడుచుకుంది. "మీ మామయ్యే వచ్చుంటారు నాయనా, భయపడకు" అంది.

సరే, మామయ్యే అనుకుందాం. మామయ్యైతే నాకు భయమెందుకు? కానీ హ్యాండిల్ ఆయన తిప్పితే... లివర్ వేసిందెవరు?