ఫ్లెక్సీల మా అబేనా మేడం

పొద్దుగాల మా స్కూల్ గేటుకు అడ్మిషన్ల ఫ్లెక్సీ కట్టిండ్రు. టీచర్లందరి ఫొటోలు ఉన్నయి. ఘనా దేశం నుంచి వచ్చి మా మెదక్‌ల నాతోపాటు ఇంగ్లిష్ చెప్తున్న అబేనా మేడం దాని ముంగట చానాసేపు నిలబడ్డది.

"ఈమె ఎవరు? నా చీర కట్టుకున్నది, కింద నా పేరు పెట్టుకున్నది" అని నన్ను అడిగింది. నవ్వుకుంటనే అడిగింది గని, నాకు తల కొట్టేసినట్లయింది. ఆమె నల్లటి మొఖాన్ని పాల లెక్క తెల్లగ చేసిండ్రు.

కోపంతోని అక్కడ్నే నిలబడి ఫ్లెక్సీ షాపాయనకు ఫోన్ కొట్టిన.

"అన్నా, మేడం మొఖం గట్లెందుకు చేసినవ్?"

"అందరికీ గట్లనే చేస్తం మేడం. ఏండ్ల సంది మీకు చేస్తలేనా? మీరు ఎన్నడన్న అడిగిండ్రా?"

తలెత్తి చూస్తే, ఆమె పక్కన నా మొఖం గూడ తెల్లగ మెరుస్తున్నది. పోయినేడు ఫ్లెక్సీ ఫొటోనే నేను వాట్సాప్ డీపీ పెట్టుకున్న.

"ఆమెది అసలు రంగుల మళ్ల కొట్టు" అన్న.

"మరి మీది?" అన్నడు.

అబేనా మేడం నా దిక్కే చూస్తున్నది.

"నాది గూడ" అనెతందుకు నాకు జరసేపు పట్టింది. మీకైతే ఎంతసేపు పడ్తుండె? నిజం చెప్పుండ్రి.