కట్టె ఎత్తిన రోజు

అరవైల మొదట్లో ఒక ఏడు మా కూలోళ్ల వీధి మొత్తం భూస్వామి చేలో వేరుశనగ పీకడానికి వెళ్లడం మానేసింది. కారణం ఆయన మేస్త్రీ. వంచిన నడుం ఎత్తితే చాలు, ఆడా మగా అని చూడకుండా చర్నాకోలతో కొట్టేవాడు. వాణ్ని తీసేస్తే తప్ప రామని మా వీధి పెద్దాయన కబురు పంపాడు.

అందరినీ కూర్చోబెట్టి ఆయన ఒకటే చెప్పాడు. “ఎవురూ చెయ్యెత్తాకండప్పా. వాన లేదు, నేల గట్టిపడతాంది. ఇంగ కొన్నాళ్లు పోతే కాయంతా మట్టిలోనే నిల్చిపోతాది. వాళ్లే మన కాడికి వస్తారు.”

అది మంచి ఉపాయమే. భూస్వామి ఇంట్లో కంగారు మొదలైంది. మా ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది, అయినా ఎవరూ కదల్లేదు.

ఒక ఉదయం నేను బావి నుంచి నీళ్లు తెస్తుంటే మేస్త్రీ అడ్డం వచ్చి కడవ పగలగొట్టాడు. “పనికి రారు గానీ నీళ్లు కావల్నా?” అంటూ జుట్టు పట్టుకుని చేను వైపు ఈడ్చాడు. మగవాళ్లు లేచి పెద్దాయన ముఖం చూశారు. ఆయన ఆగమన్నట్టు చెయ్యి చాపాడు. మా అన్న ఒక్కడే ఆగలేదు. చూరులోంచి కట్టె లాగి మేస్త్రీ కుడిచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నాకు సంతోషమైంది.

సాయంత్రానికి పోలీసు జీపు వచ్చి వీధిలోని మగవాళ్లందరినీ ఎక్కించుకుపోయింది. చేను పీకితే అన్నను తప్ప మిగతావాళ్లను వదిలిస్తానని భూస్వామి చెప్పి పంపాడు. ఆడవాళ్లం వెళ్లి పీకాం. గట్టిపడిన నేలలో మా చేతివేళ్లు చీరుకుపోయాయి.

విడుదలై వచ్చిన పెద్దాయన మా గడప దగ్గర నిలబడి అన్నాడు: “మీ యన్న ఒక్క దెబ్బతో అంతా పాడు చేసినాడమ్మా. ఇంగ నాల్గు దినాలు ఓర్చుకోనుంటే గెలిచేటోళ్లం.”

“ఆ నాల్గు దినాలూ నా జుట్టు వాని చేతిలోనే ఉండల్లనా, పెదనాయనా?”

ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నన్ను ఇప్పటికీ మండించేది అదే.

మేస్త్రీ మళ్లీ ఆడవాళ్ల జోలికి రాలేదు. మగవాళ్లను మాత్రం ఎడమచేత్తో కొట్టడం నేర్చుకున్నాడు.

అన్న అనంతపురం జైలు నుంచి దగ్గుతూ తిరిగొచ్చాడు. ఎవరూ పనికి పిలవలేదు. మా వీధివాళ్లు కూడా అతని పక్కన కూర్చోవడానికి జంకేవారు.

“నేను కొట్టకుంటే బాగుండునా?” అని ఒకసారి నన్నడిగాడు.

“లేదన్నా” అన్నాను.

నమ్మినట్టు కనిపించలేదు.