మూడు గ్లాసుల ప్రకృతి వరణం

ఆత్మకూరులో నా పెళ్లిచూపులు ఎలా తగలబడ్డాయో చెబుతాను. మీరు నవ్వొచ్చు. పద్మ బతికున్నన్నాళ్లూ నవ్వింది.

అప్పుడు నేను కడపలో జీవశాస్త్రం చెప్పే కొత్త లెక్చరర్ని. తెలియని సంగతి లేదనుకునే వయసు. పెళ్లికూతురు పద్మ నాన్న బర్రెల్ని సాకే రైతు. వసారాలో మంచం మీద కూర్చోబెట్టి మాట కలిపాడు.

"ఏమప్పా, కోతి మనిషయిందంటారే. మనిషి ఇంగా మారుతాండాడా, ఆడికే నిల్చిపోయినాడా?"

అడక్కుండా ఉండాల్సింది.

"మారుతూనే ఉన్నాడండీ. ఒకప్పుడు పాలు పసిపిల్లలకే అరిగేవి. పశువుల్ని మేపిన వాళ్లలో, పెద్దయ్యాక కూడా పాలు అరిగినవాళ్లు ఎక్కువమందిని కని పెంచారు. ఆ గుణం పిల్లలకు వచ్చింది. ప్రకృతి అట్లా ఏరుకుంటుంది. దాన్నే ప్రకృతి వరణం అంటాం."

"నీకు అరుగుతాయా నాయనా?" అంది పద్మ వాళ్ల అవ్వ. చేతిలో అప్పటికే గ్లాసుంది.

చిన్నప్పటి నుంచి నాకు పాలు పడవు. ఆ ముక్క చెప్పుంటే ఈ కథే లేదు. "అరగకేం" అన్నాను. చిక్కటి బర్రెపాలు మూడు గ్లాసులు తాగించింది.

కాసేపటికి ఆ మధ్యాహ్నం మసకబారి మెల్లగా తేలసాగింది. నల్లమల వైపు నుంచి గాలి. చూరు కింద పిచ్చుకలు. ఎక్కడో దూరంగా డోన్ జంక్షన్‌లో గూడ్సుబండ్లు షంటింగ్ చేస్తున్న చప్పుడు. డోన్ అక్కడికి చాలా దూరం. చప్పుడు నా పొట్టలోది.

లేచి, కనబడ్డ తలుపు తోశాను. అద్దం ముందు పద్మ పూలు పెట్టుకుంటోంది.

"యాడికి వస్తాండారు?"

"బాత్రూం..."

"పెరట్లో ఉండాది. ఎడంపక్క. గడియ లేదు, కాలు అడ్డం పెట్టుకోండి."

మా ఇద్దరి మొదటి మాటలు అవే.

తిరిగొచ్చేసరికి వసారాలో అవ్వ ఖాళీ గ్లాసులు లెక్కపెడుతోంది.

"ఈ పిల్లోన్ని ప్రకృతి ఏరుకోలేదే" అంది అవ్వ.

సంబంధం పోయిందనుకుని చెప్పులు వెతుక్కున్నాను. తలుపు చాటు నుంచి ఆపుకున్న నవ్వుతో పద్మ గొంతు వినబడింది.

"ప్రకృతి వద్దంటే వద్దననీ అవ్వా. నేను ఏరుకుంటా."

మా అమ్మాయి ఇప్పటికీ చెంబెడు పాలు తాగి హాయిగా నిద్రపోతుంది. మా ఇంట్లో పరిణామం తల్లి వైపు నుంచే జరిగింది.

పాలగ్లాసు ఎదురుగా ఉండగా శాస్త్రం మాట్లాడనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. కొత్త ఇంట్లో పెరడు ఎటువైపో కనుక్కున్నాకే నోరు విప్పుతాను. మళ్లీ పెళ్లిచూపులకు పోనని వేరే చెప్పక్కర్లేదు. నన్ను ఒకసారి ఏరుకున్నారు. చాలు.