దాచిన జ్వరం

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటే మీకు చదవడం తేలిక, నాకు రాయడం తేలిక. ఒళ్లంతా దురద మొదలైతే నేను సబ్బును అనుమానించిన. ఒకటి మార్చిన, ఇంకోటి మార్చిన. మా దేవరుప్పుల చుట్టుపక్కల నా అంత శుభ్రమైన ముసలోడు ఆ నెలల ఇంకొకడు లేడు. ఒకనాడు పొద్దున చాయ్ అందిస్తూ మా ఇంటామె లచ్చమ్మ ఆగిపోయింది.

"ఏందయ్యా, కండ్లు గట్ల పచ్చగున్నయి? ఒంటికి ఎట్ల పోతున్నవ్?"

"ఎప్పటి లెక్కనే," అన్న. అబద్ధం. మూత్రం డికాషన్ రంగుకు తిరిగి చాన్నాళ్లయింది.

జనగామ దవాఖానల రక్తం చూసి "కామెర్లు, బిలిరుబిన్ బాగ పెరిగింది" అన్నరు. భూపాలపల్లి బొగ్గుబాయిల పనిచేసే మా కొడుకు రాజయ్య సెలవు పెట్టి వచ్చి హైదరాబాద్ తీస్కపోయిండు. అక్కడ స్కాన్లు చూసిన సర్జన్ సారు నిదానంగ చెప్పిండు: "తాతా, కాలేయం నుంచి పైత్యం దిగే గొట్టంల గడ్డ ఉంది. బైల్ డక్ట్ క్యాన్సర్."

"బైలు ఆగింది సరే, నాకు బెయిలు దొరుకుతదా సారూ?" అన్న. సారు నవ్వలేదు. అప్పుడు భయమైంది.

ఆయన ఏండ్లుగా ఈ జబ్బు మీదనే పరిశోధన చేస్తున్నడు. కాలేయం ఎంత కోయొచ్చు, ఎంత మిగిలిస్తే మనిషి మిగులుతడు అన్నదే ఆయన పని. నా గడ్డతోపాటు కుడి పక్క కాలేయమంతా తీసేయాలె. ఎడమ పక్క చూస్తే చిన్నగ ఉంది. కుడి పక్కకు పోయే రక్తాన్ని ఆపితే ఎడమది పెరుగుతదని, అందాక ఆగుదామని అన్నడు.

"పెరగకపోతే సార్?" రాజయ్య అడిగిండు.

"ఆపరేషన్ చేయలేం."

కుడి పక్కకు రక్తం ఆపిండ్రు. పక్కటెముకల నడుమ నుంచి ట్యూబ్ వేసి, పైత్యం దిగనీకి సంచి తగిలించి, "చలిజ్వరం వస్తే వెంటనే రావాలె" అని ఇంటికి పంపిండ్రు. లోపల ఒక ముక్క పెరగాలె. దానికి నీళ్లు పెట్టలేను, ఎరువు వేయలేను, కలుపు తీయలేను. ఎవుసం చేసినోనికి ఇంతకన్న చేతకానితనం ఉండదు.

ఒక సాయంత్రం చలి పుట్టింది. పండ్లు టకటక కొట్టుకున్నయి. లచ్చమ్మ అడిగితే ఏం లేదన్న.

ఎందుకన్ననో చెప్పాలె. సాయుధ పోరాటం రోజుల్ల, మీసం రాని వయసుల, నేను మానుకోట అడవుల్ల దళంతోటి తిరిగిన. నడవలేనోన్ని ఏదో ఒక ఇంట్ల దాచి మిగిలినోళ్లు ముందుకు పోయేది. అట్ల ఆగినోళ్లల్ల కొందరు పోలీసులకు దొరికిపోయిండ్రు. అందుకే జ్వరమొస్తే గొంగడి కప్పుకొని నడిచేటోళ్లం, నోరు విప్పేటోళ్లం కాదు. ముసలితనంల మళ్ల అదే చేసిన. జ్వరమంటే ఆపరేషన్ వరుసల నుంచి నన్ను తీసేస్తరనుకున్న.

తెల్లారేసరికి లచ్చమ్మను గుర్తుపట్టలేదట. ట్యూబ్ మూసుకపోయి, లోపల చీము పట్టి, విషం రక్తంల కలిసింది. ఐసీయూల కండ్లు తెరిస్తే సారు ఎదురుంగ నిలబడ్డడు.

"చలి ఎప్పుడు మొదలైంది తాతా?"

"జర... తెల్లారుగట్ల..."

"అబద్ధం సారూ," అన్నది లచ్చమ్మ. "పొద్దుగూకంగనే దుప్పటి కింద వణికిండు. ముట్టుకుంటే చెయ్యి ఇసిరికొట్టిండు. అప్పట్ల పోలీసులకు చెప్పకపోతివి, మంచిది. నాకు చెప్తే ఏమాయె?"

సారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండు. "చెప్తే ట్యూబ్ మార్చేటోళ్లం, అంతే. ఇప్పుడు ఆపరేషన్ వెనక్కి పోయింది. అందాక గడ్డ ఆగుతదో లేదో నాకూ తెల్వదు. ఇగ నా దగ్గర ఏదీ దాచకు."

ఆ ఎదురుచూపుల నేను ఎవరికీ పనికిరాలేదు, నాకు కూడ. రాజయ్య స్కాన్ గది బయట గోడకు తల ఆనించి నిలబడేటోడు.

ఎడమ పక్క పెరిగింది. గడ్డ ఇంకా కోయనీకి వీలుగనే ఉంది. తీసిండ్రు. తర్వాత పైత్యం కారి మళ్లొక ట్యూబ్, మళ్ల మంచం. తీసిన గడ్డను పరిశోధనకు ఉంచుకుంటనని సారు అడిగిండు. "ఉంచుకో సారూ, నేనేం చేసుకుంట?" అన్న.

ఇప్పుడు పొలం గట్టు దాకా నడుస్తున్న. మళ్ల రాదని సారు మాటివ్వలేదు, నేను అడుగుడు మానేసిన. ట్యూబ్ ఉన్నోళ్లకు ఒక్కటే చెప్త: చలి పుడితే ఆ పూటనే దవాఖానకు పోండ్రి. పొద్దున చూద్దాం అనకుండ్రి.

మొన్న చెకప్‌కు పోతే, నన్ను అన్ని నెలలు గొట్టాలకు కట్టేసిన ఆ సర్జన్ సారు క్యాంటీన్ల ఇడ్లీ తింటూ కనపడ్డడు. "ఎట్లున్నవ్ తాతా?" అన్నడు. దాచొద్దన్నడు గదా. పక్కన కూసోని, దొడ్డికి ఏ పూట ఎట్ల పోయిందీ, గట్టిదా పలచనా, పూసగుచ్చినట్టు చెప్పిన. రంగు మాత్రం మాటల్ల చెప్పరాలే. ఆయన ముందున్న సాంబారు గిన్నె చూపించిన.