అగ్గి పెట్టని బీడీ

మా సైన్స్ బాయి పోయిందని మొన్న పొద్దున ఆమె ఊరు కుంభారి నుంచి ఫోన్ వచ్చింది. మా సోలాపూర్‌లో పంతులమ్మను బాయి అంటాం. నేనప్పుడు కుంఠా నాకాలో ఒక మరమగ్గం మోటారు విప్పి కూర్చున్నాను. ఏడుస్తూనే దాన్ని బిగించి, తిరుగుతోందని చూసుకుని, అప్పుడు అమ్మను తీసుకుని బస్సెక్కాను. పని సగంలో వదిలి వస్తే బాయి ఊరుకునేది కాదు.

అక్కడ ఎవరో ఆమెను శాంతమూర్తి అన్నారు. నేనొప్పుకోను. బాయికి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ కోపం వల్లే నేను చదువుకున్నాను.

తొమ్మిదో తరగతిలో, దాజీ పేట్ బడిలో, వోల్టేజి పాఠం వచ్చింది. పుస్తకంలో నీళ్ల ట్యాంకు బొమ్మ ఉంది. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని మాకు ఆ ట్యాంకు బుర్రకెక్కలేదు. బాయి పుస్తకం మూసేసి, మర్నాడు ఇంటి నుంచి రెండు బీడీలు తెమ్మని నాకు చెప్పింది. ఒకటి గట్టిగా చుట్టినది, ఒకటి వదులుగా చుట్టినది కావాలంది. మా ఇళ్లలో అమ్మలూ ఆడపిల్లలూ అందరం బీడీలు చుట్టేవాళ్లమే. మర్నాడు గట్టి బీడీని ఆమె తన నోట్లోనే పెట్టుకుని పీల్చింది. బుగ్గలు లోపలికి పోయాయి గానీ గాలి రాలేదు. వదులు బీడీలోంచి సులువుగా వచ్చింది.

"నేను పీల్చే జోరు వోల్టేజి. లోపలికొచ్చే గాలి కరెంటు. అడ్డం పడే తంబాకు రెసిస్టెన్స్. జోరు గంతే ఉండి అడ్డం పెరిగితె ఏమైతది?"

గాలి తగ్గుతుందని క్లాసంతా అరిచాం. పొడుగు బీడీకి అడ్డం ఎక్కువని, లావు బీడీకి తక్కువని, తీగలకూ అంతేనని మాకు మేమే చెప్పుకున్నాం. సరిగ్గా అప్పుడే హెడ్‌మాస్టరు కిటికీలోంచి చూశాడు.

సాయంత్రానికల్లా బాయి బీడీ తాగిందని పేటంతా పాకింది. మర్నాడు తల్లులు బడికొచ్చారు. వాళ్ల ముందే హెడ్‌మాస్టరు నిలదీస్తే ఆమె తల దించలేదు.

"అగ్గి పెట్టలే సారూ. పాఠం చెప్పిన" అంది.

మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. బీడీలు నేర్చుకోవడానికి బడెందుకు, ఇంట్లోనే కూర్చోమంది.

ఆ సాయంత్రం బాయి ఎవరూ పిలవకుండానే వచ్చి అమ్మ బీడీలు చుట్టే చాట ముందు కూర్చుంది. గట్టిగా చుట్టిన బీడీ కార్ఖానా నుంచి ఎందుకు వాపసు వస్తుందని అడిగింది. పొగ రాదని, తాగేవాడు రెండుసార్లు గుంజి పారేస్తాడని అమ్మ కసురుతూనే చెప్పింది.

"గిదే అక్కా నేను చెప్పింది. నీకు ఎన్నటి సందో ఎరుకే. పేరొక్కటే ఎరుకలేదు. ఆ పేరు ఎరుకున్నోడు మనల్ని ఏం తెల్వనోల్లంటడు. నీ బిడ్డను గట్ల అననిస్తవా?"

మర్నాడు పొద్దున అమ్మ నా బడి సంచీ తనే తెచ్చి చేతికిచ్చింది.

ఇప్పుడు నేను మోటార్లు బాగుచేస్తాను. మగ్గాల షెడ్డులోకి వెళ్తే, ఆడమనిషిని చూసి, మిస్త్రీ ఏడని నా వెనక వెతుకుతారు. నేనేనని చెప్పి మీటరు బయటికి తీస్తాను. ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

మొన్న కుంభారిలో అందరూ బాయి మీద పూలు పెట్టారు. అమ్మ కొంగుముడి విప్పి రెండు బీడీలు తీసి ఆమె చేతి పక్కన పెట్టింది. ఒకటి గట్టిది, ఒకటి వదులుది. ముసలివాడైపోయిన మా హెడ్‌మాస్టరు అక్కడే ఉన్నాడు. ఇదేం పనమ్మా అన్నాడు.

"అగ్గి పెట్టలే సారూ" అంది అమ్మ.

బంతిపూల మధ్య ఆ రెండు బీడీలు అలాగే ఉన్నాయి. ఎవరూ తీయలేదు.