హారతికి తెరిచిన కంప్యూటర్

ఆయుధపూజ వస్తోందంటే ఇప్పటికీ నాకు గుండె దడే.

2004లో బెంగుళూరు కె.ఆర్.పురం దగ్గర ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. సీటు వదిలి లేస్తే కంప్యూటర్ లాక్ చేయాలని గోడమీద నోటీసు ఉండేది. కింద మా మేనేజర్ సంతకం.

ఆయుధపూజ రోజు ఆఫీసంతా బంతిపూలు, బూడిద గుమ్మడికాయలు. స్టాఫ్ ఇళ్ళవాళ్ళు, పక్క ఆఫీసువాళ్ళు, ఎవరెవరో లోపల తిరుగుతున్నారు. అలవాటుగా లాక్ చేసి లేచాను. హారతి పళ్ళెంతో వచ్చిన మేనేజర్, "దేవుడి ముందర తాళమేందమ్మా? నల్ల స్క్రీనుకు హారతిస్తారా ఎవరైనా? అందరివీ తెరిచే ఉండాయి, నువ్వూ తెరువు" అన్నారు. అందరూ నవ్వారు. సిగ్గేసి లాక్ తీసి, ప్రసాదానికి వెళ్ళాను.

సెలవులయ్యాక తెలిసింది, ఆ కాసేపట్లో ఎవరో నా కంప్యూటర్ నుంచి కస్టమర్ల వివరాలన్నీ బయటికి పంపేశారని.

మీటింగులో మేనేజర్ ఆ నోటీసు చూపించి, "చదువుకున్నావు కదమ్మా, ఇది కనపడలేదా?" అన్నారు.

"మీరే కదా సార్..." అన్నాను. చుట్టూ చూశాను. ఆ రోజు నవ్వినవాళ్ళంతా తలలు దించుకున్నారు. సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది.

చాలా నెలలు తిరిగాక హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇంకోటి దొరికింది. అక్కడా అదే నోటీసు, కింద కొత్త బాసు సంతకం. ఆయుధపూజ నాడు ఆయన హారతి పళ్ళెంతో నా ముందు నిలబడి, "లాక్ తీయండి మేడమ్" అన్నారు. కర్పూరం ఆరిపోతుందని ఆయన తొందర.

తీశాను. సంతకం పెట్టిన మనిషే వచ్చి తీయమంటుంటే, గోడమీది కాగితాన్ని పట్టుకుని ఎవరు నిలబడగలరు?