నోటీసు బోర్డు మీద ముప్ఫై రోజులు

మా నాన్నగారికి ఇద్దరు అల్లుళ్ళు. ఒకరికి నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయ ఒలవడం వచ్చు, ఒకరికి రాదు. వచ్చినాయన ఫిలిప్పీన్స్ దేశం మనిషి. రానాయన మలికిపురంలో కొబ్బరి వ్యాపారం చేసే మా ఆయన.

ఈ సంగతి నాన్నగారు రాజోలు చుట్టుపక్కల కనబడినవాళ్ళందరికీ చెప్పారు. "మావాడు మూడు పట్లు పడితే డొక్క ఊడి పక్కన పడుతుందండి. పుట్టింది కూడా కొబ్బరిచెట్ల కిందేనంట" అనేవారు. 'మావాడు' అన్న ఆ మనిషి మా ఇంటికి వచ్చి అప్పటికి పది రోజులు. మా ఆయన్ని మాత్రం ఐదేళ్ళయినా 'మలికిపురం అల్లుడుగారు' అనే అంటారు. అంతకుముందు ఏడాది ఆ దేశం పేరు వినగానే అన్నం ముందునుంచి లేచిపోయింది కూడా ఈ నాన్నగారే.

మా అక్క నాకన్నా పదేళ్ళు పెద్దది. నర్సింగు చదివి కువైట్ వెళ్ళింది. నేను అమలాపురంలో డిగ్రీ చదువుకున్నానన్నా, నా పెళ్ళి బాగా జరిగిందన్నా అక్క జీతం వల్లే. ఆ మాట ఇంట్లో ఎవరూ మరిచిపోరు, నన్ను మరిచిపోనివ్వరు. అక్క సెలవుకి వస్తే వీధి అరుగు నిండిపోయేది. నేను పండక్కి వెళితే "వచ్చేవా, ఆ గోంగూర కాస్త వొలిచి పెట్టు" అనేది అమ్మ. అక్కకి ముప్ఫై ఆరేళ్ళు నిండినా పెళ్ళి కాలేదు. నాకు ఇరవై ఆరేళ్ళకే మూడేళ్ళ పాప. అన్నిట్లోనూ ముందున్న అక్కకి లేనిది నాకున్నది ఆ పాప ఒక్కతే. ఈ మాట ఎవరితోనూ అనలేదు గాని, లోపల నేను ఆసరాగా పట్టుకుని నిలబడింది దాన్నే.

ముప్ఫయ్యో ఏట అక్కకి పొత్తికడుపులో టీబీ వచ్చింది. మందులతో తగ్గింది గాని, పోతూ పోతూ గర్భనాళాలు రెండూ మూసేసి పోయింది. మామూలుగా పిల్లలు కలగరని, టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఒక్కటే దారి అని డాక్టరు చెప్పింది. అక్క ఉద్యోగం చేసే ఆస్పత్రిలోనే ల్యాబులో పనిచేసే ఈ ఫిలిప్పీన్స్ ఆయన పెళ్ళి మాట ఎత్తిన రోజు, అక్క జవాబు చెప్పకుండా ఆ రిపోర్టులన్నీ ఆయన ముందు పెట్టిందట. ఆయన చివరి కాగితం దాకా చదివి, "సరే, డాక్టరు మనల్ని ఎప్పుడు రమ్మంది?" అన్నాడట.

అక్క ఈ సంగతి నవ్వుతూ చెబుతుంటే నాకు నా మొదటి సంవత్సరం గుర్తుకొచ్చింది. పెళ్ళయిన నాలుగో నెలకే మా అత్తగారు నన్ను ఆలమూరు దగ్గర ఒక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి కషాయం పట్టించారు. ఆ చేదు గ్లాసు పట్టుకుని నేను వంటింట్లో నిలబడితే, మా ఆయన చెప్పులు వేసుకుంటూ "తాగేయ్, మంచిదేగా" అని కొట్టుకి వెళ్ళిపోయారు.

కువైట్‌లో అలాంటి వైద్యానికి ఫైలు తెరవాలంటే ముందు పెళ్ళి సర్టిఫికెట్టు కావాలి. ముద్రల మీద ముద్రలు పడిన సర్టిఫికెట్టు. దంపతులిద్దరివీ చెరో దేశమైతే కాగితాలు ఇంకా ఎక్కువ. అక్కడ అన్నీ ఒకేసారి సమకూరలేదని, మా వైపే రిజిస్టరు పెళ్ళి చేసుకుందామని నిర్ణయించుకున్నారు. అక్క నెల ముందు వచ్చి ఊళ్ళో ఉంది. ఆయన వచ్చాక ఇద్దరూ కలిసి రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇచ్చారు. అది ముప్ఫై రోజులు బోర్డు మీద ఉండాలి. ఈలోగా ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పవచ్చు. ఆ తరవాత ముగ్గురు సాక్షులతో వెళ్ళి సంతకాలు పెడితే పెళ్ళి. ఆ సంవత్సరం దాటితే అండాలు దొరకడం కష్టమని డాక్టరు అక్కకి ముందే చెప్పింది. ఆయనకి సెలవు ముప్ఫై ఏడు రోజులే. మళ్ళీ సెలవంటే ఏడాది ఆగాలి.

ఇంగ్లీషు ఫారాలు నింపింది నేను. సాక్షులు నాన్నగారు, మా మేనమామ, నేను.

ఆ నెలంతా ఏదో ఒక వంకతో పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళేదాన్ని. వెళ్ళకుండా ఉండలేను, వెళితే చూడలేను. ఆయన జేబులో చిన్న క్యాలెండరు ఉండేది. అందులో అక్క నెలసరి తేదీలన్నీ ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకున్నాడు. మా ఆయనకి నా పుట్టినరోజు రేషను కార్డు చూస్తే గాని తెలియదు. మధ్యాహ్నం పూట వాళ్ళిద్దరూ పెరట్లో నులకమంచం మీద కూర్చుని వచ్చీరాని ఇంగ్లీషులో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకుంటారా అని బట్టలు ఆరేసే నెపంతో వెళ్ళి విన్నాను కూడా. వాళ్ళ ఊళ్ళో పీతలు ఎలా వండుతారో చెబుతున్నాడు. అంతే. మా ఆయనదీ నాదీ ఒకే భాష, ఒకే జిల్లా. మేం పీతల గురించి కూడా మాట్లాడుకోలేదు.

పదిహేడో రోజున నేను ఒక్కదాన్నీ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాను. నన్నెవరూ వెళ్ళమనలేదు. పాపకి గౌనుగుడ్డ కొంటానని చెప్పి బస్సెక్కాను.

నోటీసు బోర్డు మీద ఉంది. నా దస్తూరీయే. చూస్తూ నిలబడితే లోపలినుంచి గుమాస్తాగారు వచ్చారు.

"ఆయ్, ఉందండి. గాలికి లేచిపోతందని నాలుగు మూలలా పిన్నులు గుచ్చించేనండి. మా దగ్గర ఫారిన్ వాళ్ళ పెళ్ళి ఇదే మొదలండి."

"ఎవరైనా అభ్యంతరం చెప్తే ఏమవుద్దండి?"

"కాగితం మీద రాసివ్వాలండి. సారు విచారణ చేస్తారు. అదో ముప్ఫై రోజులు పట్టొచ్చు."

"ఏం రాసినా సరేనా?"

"అబ్బే, ఏదో ఒకటి రాస్తే ఎలాగండి? ముందే పెళ్ళయ్యిందనో, వయసు చాలదనో, అలాటివుండాలి." అప్పుడు ఆయన కళ్ళజోడు పైకి జరిపి నన్ను చూశారు. "ఏమ్మా, మీ ఎరికలో ఏమైనా ఉందా?"

"లేదండి. పెళ్ళికూతురు మా అక్కే."

"అలాగా అండీ" అన్నారాయన. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ అనుమానించలేదు. గౌనుగుడ్డ కొనడం మరిచిపోయి ఇంటికి వచ్చాను.

అభ్యంతరం రాసివ్వాలని నేను వెళ్ళలేదు. ఇది నిజం. రాసివ్వడానికి ఏమీ లేదు కూడా. కాని ఏమీ లేదని విన్నప్పుడు నా మనసు కాస్త దిగులు పడింది. అదీ నిజమే.

గడువు గురువారంతో తీరింది. శుక్రవారం పదకొండు గంటలకి రమ్మన్నారు. శనివారం రెండో శనివారం, మర్నాడు ఆదివారం. మంగళవారం ఆయన ప్రయాణం. గురువారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"అటక మీదున్న ఉయ్యాల దింపించేనే. మనవాడి చేత సబ్బుపెట్టి కడిగిస్తన్నాను."

'మనవాడు' అంటే ఆయనే. "ఇప్పుడెందుకే?" అన్నాను.

"శుభమా అని పెళ్ళవుతంటే ఇప్పుడు కాక ఎప్పుడే? అక్కకి పుడితే ఉండద్దూ? మీ పాపకి ఎలాగూ పట్టదుగా."

ఆ ఉయ్యాలలో మా పాప పదకొండు నెలలు పడుకుంది. ఇక పట్టదన్నది కూడా నిజమే. ఫోను పెట్టేశాక ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను. మా ఆయన ఎందుకని అడగలేదు.

శుక్రవారం పొద్దున చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్నాను. పాపకి జడ వేశాను. తొమ్మిదింటికి ఫోన్ తీసి, "అక్కా, పాపకి ఒళ్ళు కాలిపోతంది. నేను రాలేను" అన్నాను. అనేదాకా అంటానని నాకే తెలియదు.

"ఎంతుంది?" అంది అక్క. నర్సు కదా.

"నూట రెండు."

సాక్షి లేక పెళ్ళి ఆగుతుందని, ఎవరో ఒకరు నన్ను బతిమాలుతారని అనుకున్నానేమో. పన్నెండు కాకుండానే మా వాకిట్లో ఆటో ఆగింది. అక్క పట్టుచీరలో ఉంది. తలలో పూలు. వెనకాల ఆయన తెల్లపంచె ఊడకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గ్లూకోజు డబ్బా, అరటిపళ్ళ అత్తం మోసుకుంటూ దిగాడు. "బేబీ ఓకే?" అన్నాడు నన్ను చూడగానే.

బేబీ కుళాయి దగ్గర మగ్గుతో నీళ్ళు తోడి జామమొక్క మీద పోస్తోంది.

అక్క పాపని ఎత్తుకుని లోపలికి తెచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, చంకలో థర్మామీటరు పెట్టింది.

"నాకు జొరం లేదు పెద్దమ్మా" అంది పాప.

"ఉండమ్మా, చూడాలి కదా." తీసి చూసింది. విదిలించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ చూసింది. పాప చేతిలో ఒక అరటిపండు పెట్టి, "పెదనాన్నకి మొక్కలు చూపించు, వెళ్ళు" అని పంపేసింది. తరవాత థర్మామీటరుని డబ్బాలో సర్దుతూ, నా మొహం చూడకుండా అంది:

"ఆ గుమాస్తాగారు పొద్దున చెప్పేరు. అభ్యంతరం గురించి కనుక్కున్నావంటగా."

నేను కుర్చీ మీది ఇస్త్రీ చీర తీసి మడత పెట్టసాగాను.

"సాక్షి సంతకం ఎవరు పెట్టినా సరిపోద్దంట. బయట దస్తావేజులు రాసే ఆయన పెడతానన్నారు. నేనే వద్దన్నాను. మా చెల్లి పెడితేనే అన్నాను. నాన్నారూ, మావయ్యా అక్కడ బల్ల మీద కూచునున్నారింకా."

"నీకన్నీ ఉన్నాయి కదే" అన్నాను. "ఉద్యోగముంది, దేశాలు తిరిగేవు. అమ్మా నాన్నా నీ వైపే. ఆయన నీ కాళ్ళకి ముల్లు గుచ్చుకోనివ్వడు. నాకున్నది పాపొక్కత్తేనే. అది కూడా నీకొచ్చేస్తే నేనేం చూసుకుని బతకాలి?"

అక్క ఓదారుస్తుందనుకున్నాను. అక్కకి కోపం వచ్చింది.

"నీకు కడుపు నిలిచిందని అమ్మ ఫోన్ చేసిన రోజు నేను ప్రసూతి వార్డులో డ్యూటీలో ఉన్నాను. స్వీట్లు తెప్పించి అందరికీ పంచేను. పంచి, బట్టలు మార్చుకునే గదిలో గడియ పెట్టుకుని ఏడ్చేను. పెళ్ళయిన ఆరు నెల్లకే వచ్చేసిందే దీనికి, కషాయం తాగితే వచ్చేసిందే అని. నీ సీమంతానికి సెలవు దొరకలేదన్నాను చూడు, అది అబద్ధం. అడగనే లేదు నేను. నువ్వొక్కత్తివే ఏడవగలవనుకున్నావా?"

అప్పటిదాకా నా మీద అసూయపడే మనిషి ఈ లోకంలో ఉంటుందని నాకు తెలియదు. అది వినగానే నాకు సిగ్గు కన్నా ముందు ఒక రకమైన తృప్తి కలిగింది. రాయకూడదేమో గాని, కలిగింది.

అక్క లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఇవాళ సారు పన్నెండింటికే వెళ్ళిపోతారంట, ఇంక అవదు. సోమారం పదింటికి. నువ్వొస్తే నువ్వు, రాపోతే దస్తావేజులాయన. ఇంకో రోజు ఆగడానికి నా దగ్గర రోజుల్లేవే."

పెరట్లోంచి ఆయన పాపని భుజం మీద ఎక్కించుకుని వచ్చి మళ్ళీ "బేబీ ఓకే?" అన్నాడు. "ఓకే. తగ్గిపోయింది" అంది అక్క.

సోమవారం తొమ్మిదిన్నరకే వెళ్ళాను. మా ఆయన కూడా కొట్టు మూసి వచ్చారు. గుమాస్తాగారు నన్ను చూసి "పాపగారికి నెమ్మదించిందా అండీ?" అన్నారు. నాన్నగారు గోడ మీది క్యాలెండరు కేసి చూశారు. అందరికీ తెలిసిపోయింది.

రిజిస్ట్రారుగారు ఇద్దర్నీ నిలబెట్టి, ఒకరి పేరు ఒకరు చెప్పి, చట్టప్రకారం భర్తగా, భార్యగా స్వీకరిస్తున్నామని నోటితో అనమన్నారు. ఆయన ముందు ఇంగ్లీషులో అన్నాడు. తరవాత, ఎవరూ అడక్కుండానే, బట్టీపట్టిన తెలుగులో తడుముకుంటూ అన్నాడు. నాన్నగారు కండువాతో ముక్కు తుడుచుకున్నారు. మా పెళ్ళిలో అనవలసినవన్నీ పంతులుగారే అన్నారు. నన్ను స్వీకరిస్తున్నానని మా ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. పక్కకి తిరిగి చూశాను. ఆయన ఫ్యాను కింద చోటు ఎక్కడ ఖాళీగా ఉందా అని చూస్తున్నారు. లోపలి కుళ్ళు పోకుండానే మూడో సాక్షి గళ్ళో సంతకం పెట్టాను. సంతకం వంకర పోలేదు.

సర్టిఫికెట్టు హైదరాబాదు వెళ్ళి, ఢిల్లీ వెళ్ళి, ముద్రలన్నీ వేయించుకుని కువైట్ చేరేసరికి రెండు నెలలు దాటింది. ఏడాది ముగియకముందే ఫైలు తెరిచారు. మొదటిసారి నిలవలేదు. అక్క ఆ సంగతి అమ్మకన్నా ముందు నాకే ఫోన్ చేసి చెప్పింది. వినగానే ఒక్క క్షణం నా ఒళ్ళు తేలికయ్యింది. వెంటనే భయం వేసింది, ఆ తేలికతనం ఫోనులో వినబడిపోతుందేమోనని. ఆ రోజంతా పాప తుమ్మినా, దగ్గినా నాకే శిక్ష అనుకున్నాను. మళ్ళీ ఎప్పుడని అడిగితే వేసవి దాటాక అంది.

వేసవి దాటాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అక్క గొంతు వింటూనే తెలిసింది. నిలిచిందట. కవలలు కాదు, ఒక్కటే. ఏడోవారం. గుండె కొట్టుకోవడం ఇద్దరూ చూశారట. మాట్లాడితే ఏం వస్తుందో నాకు నమ్మకం లేదు.

"ఉన్నావా?" అంది అక్క.

"ఉన్నాను."

"అది కాదే, నీకు పాపప్పుడు పొద్దున్నే నోట్లో ఇత్తడి చెంబు పెట్టుకున్నట్టుండేదా? నాకు అన్నం వాసనే పడట్లేదు. వార్డులో అందరికీ నేనే చెప్పేదాన్ని, ఇలా ఉంటది, అలా ఉంటది అని. నాకొచ్చేసరికి భయమేస్తంది. నీకు ఎన్నాళ్ళకి తగ్గిందే?"

నాకు ఊహ తెలిసినప్పటినుంచి అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నేను గుమ్మంలో కింద కూర్చున్నాను. పాప వచ్చి ఒళ్ళో పడింది. నిమ్మకాయ బద్ద ఎప్పుడు చప్పరించాలో, అటుకులు ఎలా నానబెట్టుకోవాలో, ఏ పక్కకి తిరిగి పడుకోవాలో, ఏ నెలలో ఏమవుతుందో చెప్పడం మొదలుపెట్టాను. అక్క ప్రతిదానికీ "ఊఁ, తరవాత?" అంటోంది. నాకు జరిగినవి చెప్పాను. జరగనివి కూడా ఒకటి రెండు కలిపాను.